గరాజ్‌లో మడతకుర్చీ

సమస్య

అమ్మా, మాది గుంటూరు దగ్గర పల్లెటూరు. పదహారేళ్ళుగా కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటున్నాం. మావారిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నేనూ ఒక చిన్న ఉద్యోగం చేస్తున్నాను. మాకు ఇద్దరు పిల్లలు. ఈ ఉత్తరం పెద్దవాడి గురించి.

మావాడు స్కూల్లో బాగానే చదివాడు. పన్నెండో తరగతిలో మావారు దగ్గర కూర్చుని బర్క్‌లీ, లాస్ ఏంజిలిస్, శాన్ డియాగో, అన్నిటికీ కంప్యూటర్ సైన్స్‌కే దరఖాస్తు పెట్టించారు. ఒక్కదాంట్లోనూ సీటు రాలేదు. ఆ నెలంతా మా ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. చివరికి వాడే వచ్చి, ‘ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ళు చదివి, మూడో ఏట యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అవుతాను’ అన్నాడు. వేరే దారి లేక సరే అన్నాం.

అదే వారంలో మా ఆడపడుచు గుంటూరు నుంచి ఫోన్ చేసి, ‘అల్లుడికి ఎక్కడొచ్చింది అన్నయ్యా’ అని అడిగింది. మావారి నోటి వెంట ‘బర్క్‌లీ’ అని వచ్చేసింది. మరునాడే మా మామగారు ఊళ్ళో స్వీట్లు పంచారు. ఇక వెనక్కి తీసుకోలేకపోయాం.

ఇప్పుడు వాడిది రెండో ఏడు. మార్కులు బాగా వస్తున్నాయి. కానీ కంప్యూటర్లు వదిలేసి మొక్కల చదువు చదువుతానంటున్నాడు. సెప్టెంబరులో డేవిస్ యూనివర్సిటీకి ఏదో గ్యారంటీ దరఖాస్తు వేశాడట, మాకు చెప్పలేదు. మెయిల్ చూస్తే తెలిసింది. మావారు మండిపడ్డారు. ‘వెళ్తే బర్క్‌లీకే వెళ్ళాలి. లేకపోతే అందరికీ చెప్పింది ఏమవుతుంది?’ అంటున్నారు. కాదంటే అప్పు చేసైనా జనవరిలోనే వేరే రాష్ట్రంలో ప్రైవేటు యూనివర్సిటీలో చేర్పిస్తానంటున్నారు.

ఆయన్ని చెడ్డవారని అనుకోకండి. కష్టపడి పైకొచ్చిన మనిషి. పదో తరగతి కాగానే పాలిటెక్నిక్‌లో చేరి, తర్వాత ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడులో చేరారు. ఆ సంగతి ఎక్కడా చెప్పరు. పిల్లలకి కూడా తెలియదు.

థాంక్స్‌గివింగ్ సెలవులకి ఆడపడుచు వాళ్ళు వస్తున్నారు. అల్లుడి కాలేజీ చూడాలని ముందే చెప్పింది. బర్క్‌లీ తీసుకెళ్ళి తిప్పి చూపిద్దాం, వాడు పక్కన ఉంటే చాలు అంటున్నారు మావారు.

పిల్లాడితో మాకు ఏ గొడవా లేదమ్మా, వాడు బంగారం. మా పరిస్థితి అర్థం చేసుకున్నాడు. ఇండియా నుంచి వీడియో కాల్ వస్తే, ఎవరూ చెప్పకుండానే లేచి గరాజ్‌లోకి వెళ్తాడు. అక్కడ వాడి మొక్కల కుండీలున్నాయి, ఒక మడతకుర్చీ కూడా వేసుకున్నాడు. కాల్ అయిపోయాక లోపలికి వస్తాడు.

వాడికి బర్క్‌లీ గురించి ఎలా నచ్చజెప్పాలి? ఆడపడుచుకి ఏం చెప్పాలి?

పేరు రాయవద్దు, ఫ్రీమాంట్

సలహా

అమ్మా,

ఏ యూనివర్సిటీ మంచిదన్న ప్రశ్న మాత్రమే అయితే మీ ఉత్తరాన్ని పక్కన పెట్టేదాన్ని. దానికి పిల్లాడి కాలేజీలోనే ట్రాన్స్‌ఫర్ కౌన్సెలర్లు ఉంటారు, నాకంటే బాగా చెప్తారు. నేను కలం పట్టింది ఆ మడతకుర్చీ కోసం.

‘ఎవరూ చెప్పకుండానే’ అని రాశారు. మెచ్చుకుంటూ రాశారు. ఆ వాక్యం చదివాక చాలాసేపు వేరే ఉత్తరం తీయలేకపోయాను. పందొమ్మిదేళ్ళ పిల్లాడు సొంత నానమ్మ, తాతయ్యల గొంతు వినపడగానే లేచి కార్ల కొట్టంలోకి ఊరికే పోడమ్మా. మొదటిసారి ఎవరో వాడి వంక చూసి ఉంటారు. రెండోసారి ఫోన్ అటు తిప్పి ఉంటారు. మూడోసారికి వాడే నేర్చుకున్నాడు. ఈ ఇంట్లో నేను కనపడకూడని వస్తువునని నేర్చుకున్నాడు. దానికి మీరు ‘అర్థం చేసుకోవడం’ అని పేరు పెట్టారు. కోపం తెచ్చుకోండి, ఫరవాలేదు. నాకూ మీ మీద కోపంగానే ఉంది.

చదువు సంగతి ముందు ముగించేస్తాను. మా అమ్మాయి ఇల్లు సన్నీవేల్‌లో. మా మనవడు కుపర్టినోలోని డి ఆంజా కాలేజీ నుంచే ట్రాన్స్‌ఫర్ అయ్యాడు. ఆ ఏడాది ఆరు నెలలు నేను అక్కడే ఉన్నాను కాబట్టి ఇదంతా కళ్ళారా చూశాను. మీవాడు వేసిన గ్యారంటీ దరఖాస్తును తక్కువ చేసి చూడకండి. కాలిఫోర్నియా యూనివర్సిటీలో డిగ్రీ చదువులున్న క్యాంపసులు తొమ్మిది. వాటిలో ఆ గ్యారంటీ ఇచ్చేవి ఆరే. బర్క్‌లీ, లాస్ ఏంజిలిస్, శాన్ డియాగో ఇవ్వవు. సెప్టెంబరు నెలలోనే వేసుకోవాలి, అదీ ఒక్క క్యాంపస్‌కే. చెప్పినన్ని కోర్సులు చెప్పిన మార్కులతో పూర్తిచేస్తే సీటు ఖాయం. పెద్దవాళ్ళ సాయం లేకుండా ఆ గడువు తెలుసుకుని, కోర్సులు సరిచూసుకుని వేసుకున్నాడంటే వాడు మీ ఇద్దరికంటే ముందున్నాడు. అయితే ఆ ఒక్కటే చాలదు. నవంబరు నెలాఖరులోపు అసలు దరఖాస్తు కూడా పంపాలి, జనవరిలో మొదటి టర్మ్ మార్కులు ఎక్కించాలి, వేసవికల్లా 60 సెమిస్టర్ యూనిట్లు పూర్తికావాలి. ఆ అసలు దరఖాస్తులో ఎన్ని క్యాంపసులైనా పెట్టుకోవచ్చు. వాడికి ఇష్టమైతే బర్క్‌లీ కూడా పెట్టుకుంటాడు. వాడికి ఇష్టమైతేనే. ప్రైవేటు యూనివర్సిటీ మాట మళ్ళీ ఎత్తవద్దని మీవారితో చెప్పండి. యూనిట్‌కి 46 డాలర్ల ఫీజుతో చదువుతున్న పిల్లాడిని, పరువు కోసం నడిమధ్యలో లేపి అప్పులో పడేయడం ఏ లెక్కకీ అందదు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆ దరఖాస్తులో నాలుగు చిన్న వ్యాసాలు రాయాలి, ఒక్కోటి 350 పదాలకు మించకూడదు. మూడు వాళ్ళు ఇచ్చిన జాబితాలోంచి ఏరుకోవచ్చు. ట్రాన్స్‌ఫర్ పిల్లలు తప్పనిసరిగా రాయాల్సింది ఒకటుంది. నువ్వు ఎంచుకున్న చదువుకి ఇన్నాళ్ళూ ఎలా సిద్ధమయ్యావు, పై తరగతుల పాఠాలు మోయడానికి ఎంత తయారుగా ఉన్నావు అని అడుగుతారు. మా మనవడు ఆ ఒక్కదాన్ని పదకొండుసార్లు తిరగరాశాడు. రాత్రి భోజనాలయ్యాక నాకు తెలుగులో చెప్పి వినిపించేవాడు. ఏ ప్రొఫెసర్ ఏం నేర్పారో, కెమిస్ట్రీ ల్యాబులో ఏది పాడుచేసి ఏది తెలుసుకున్నాడో అన్నీ చెప్పేవాడు. నాకు సగం అర్థమయ్యేది కాదు. వినడానికి ఒక మనిషి ఉండటమే వాడికి కావలసింది.

మీవాడు ఎవరికి చెప్పుకుంటాడు? యూనివర్సిటీ వాడిని అడుగుతున్నది ఈ రెండేళ్ళ గురించి. ఆ రెండేళ్ళూ లేనేలేవని మీ ఇల్లు చెప్తోంది. హాల్లో కూర్చుని గట్టిగా పేరు చెప్పకూడని కాలేజీ గురించి, గరాజ్‌లో కూర్చుని గర్వంగా 350 పదాలు రాయాలి వాడు. ఎలా వస్తాయమ్మా ఆ పదాలు? ‘నాకు తప్పలేదు కాబట్టి ఇక్కడ చేరాను’ అన్న క్షమాపణే వస్తుంది. మీ అబద్ధం చుట్టాల దగ్గర ఆగిపోలేదు, వాడి కలం దాకా వచ్చింది. ఇప్పుడు ఏ యూనివర్సిటీకి పోవాలో, ఏం చదవాలో కూడా అదే నిర్ణయిస్తానంటోంది. రెండేళ్ళ కిందట ఫోన్లో జారిన ఒక్క మాటకి, పిల్లాడి నలభై ఏళ్ళ బతుకు లెక్క చెప్పాలా?

ఆ కాలేజీల గురించి మీవారికి చిన్నచూపు ఎందుకో నాకు అర్థంకాదు. సీటు దొరకనివాళ్ళని పడేసే కొట్టాలు కావవి. 1960లో కాలిఫోర్నియా తన ఉన్నత విద్యకి ప్రణాళిక వేసుకున్నప్పుడే, యూనివర్సిటీకి పోయే రెండో రాజమార్గంగా వాటిని నిలబెట్టింది. ఇప్పుడు 116 కాలేజీలున్నాయి. నేరుగా చేరే ఇద్దరికి ఒక ట్రాన్స్‌ఫర్ విద్యార్థి చొప్పున తీసుకోవాలని యూనివర్సిటీ లక్ష్యం పెట్టుకుంది. మనిషి జన్యువుల అమరిక చదివిన శాస్త్రవేత్తల్లో ముఖ్యుడు క్రెయిగ్ వెంటర్, మీ ఇంటికి బే అవతల ఉన్న కాలేజ్ ఆఫ్ శాన్ మటేయోలో మొదలుపెట్టి శాన్ డియాగోకి ట్రాన్స్‌ఫర్ అయినవాడే. మీవారు సాఫ్ట్‌వేర్ మనిషి కదా, స్టీవ్ జాబ్స్ 1984 జనవరిలో మొదటి మెకింటోష్‌ని బయటికి తీసి చూపించింది డి ఆంజా ఆవరణలో అప్పుడున్న ఫ్లింట్ సెంటర్‌లోనని ఆయనకి గుర్తుచేయండి. చివరికి చేతికొచ్చే డిగ్రీ పట్టా కూడా యూనివర్సిటీదే, మొదటి రెండేళ్ళు ఎక్కడ చదివాడో దాని మీద రాయరు. ఈ మాట మీకు దాచుకోవడానికి ఇంకో చోటు చూపించాలని చెప్పడం లేదు. దాచుకోవాల్సిందేమీ లేదని చెప్తున్నాను.

డేవిస్ మాటకొస్తే, 1905లో శాసనసభ చట్టం చేసి పెట్టించిన యూనివర్సిటీ పొలం అది. పూర్తి క్యాంపస్ అయింది 1959లో. యంత్రంతో కోసినా చితకని గట్టి టమాటాని, దాన్ని కోసే యంత్రాన్ని తయారుచేసింది అక్కడివాళ్ళే. మీ మామగారు మిర్చి వేస్తే, కోతకూలీ ఎంతవుతుందో ఆయన్ని అడగండి. మనవడు ఏం చదువుతానంటున్నాడో కూడా అప్పుడే చెప్పండి. బర్క్‌లీ అన్న పేరుకి స్వీట్లు పంచిన పెద్దాయన ఈ సంగతికి ఏం చేస్తారో చూడండి.

మీవారి గురించి ఒక మాట. ఆయన పాలిటెక్నిక్ సంగతి మీరు దారిన పోతూ రాసినట్టు రాశారు. నాకు ఉత్తరంలోని ముడంతా అక్కడే విడిపోయింది. డిప్లొమా చేసి, ఈసెట్ రాసి, రెండో ఏట వెళ్ళి కూర్చున్న పిల్లలని నేను ఎరుగుదును. మా తమ్ముడు అలా చేరినవాడే. అప్పటికే ఏడాదిగా స్నేహాలు కుదిరిపోయిన క్లాసులోకి అడుగుపెడితే ‘లేటరల్ వాళ్ళు’ అని ఒక బెంచీ చూపించేవారట. ఇంగ్లిషులో పాఠం అర్థంకాకపోయినా చెయ్యెత్తడానికి సిగ్గేసేదట. లేత్ మెషిన్ దగ్గర మాత్రం వీళ్ళ తర్వాతే ఎవరైనా. మీవారిని ఆ బెంచీ మీద ఎవరు ఏమన్నారో నాకు తెలియదు. ఏదో అన్నారు, లేకపోతే పాతికేళ్ళు పైబడినా కన్నబిడ్డలకి చెప్పుకోలేని బాధ ఉండదు. ఆయన దాస్తున్నది కొడుకుని కాదని నా అనుమానం. తన మీద పడ్డ చూపు కొడుకు మీద పడకూడదని అడ్డం నిలబడబోయి, ఆ చూపు తానే చూస్తున్నారు. పాపం ఆయన. కానీ పిల్లాడు ఇంకా పాపం. నాన్న నడిచిన దారే తనదని తెలిస్తే వాడు ఈ రెండేళ్ళూ అంత ఒంటరిగా ఉండేవాడా?

మన కుటుంబాల్లో ఇదొక జబ్బమ్మా. సీటు రాగానే ఊరంతా చెప్తాం, రాకపోతే ఇంట్లోవాళ్ళం కూడా మాట్లాడుకోం. పిల్లల మార్కులు మన నగల్లాంటివి, ఫంక్షన్‌కి పెట్టుకెళ్ళాలి. గిల్టువని తేలితే బీరువాలో పెట్టి తాళం వేయాలి. ఆడపిల్ల కాపురం చెడి పుట్టింటికొచ్చినా, మగపిల్లాడి ఉద్యోగం పోయినా ఇదే వరస. సెలవుకి వచ్చారని చెప్తాం, కర్టెన్లు వేస్తాం. చుట్టాలు నొచ్చుకుంటారని, నవ్వుతారని మనకి ఎంత భయమో! రేపు మనకి జ్వరమొస్తే గంజి కాచి ఇచ్చేది ఆ గరాజ్‌లో కూర్చున్నవాడే, ఫోన్లో ఉన్నవాళ్ళు కాదు. నేను ఈ శీర్షిక రాయడం మొదలుపెట్టినప్పటి నుంచి ‘పిల్లలు మాతో ఏమీ చెప్పరు’ అని ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. మీవాడూ డేవిస్ సంగతి చెప్పలేదు. మెయిల్ చూసి కనుక్కున్నారు. చెప్పకుండా ఉండటం వాడికి నేర్పింది మీరు కాదా?

మీ ఆడపడుచు గురించి భయపడకండి. ఆవిడ దిగాక చెప్దామని మాత్రం ఆగవద్దు. విమానం ఎక్కకముందే, మీవారే ఫోన్ చేసి, ‘ఆరోజు సిగ్గుపడి అబద్ధం చెప్పాను’ అనాలి. ఆ మాట మీరు చెప్పకూడదు, పిల్లాడు అసలే చెప్పకూడదు. ఎవరు అన్నారో వాళ్ళే వెనక్కి తీసుకోవాలి. ఆవిడ రెండు రోజులు మూతి ముడుచుకుంటే ముడుచుకోనివ్వండి. అన్నయ్య పాలిటెక్నిక్‌కి వెళ్ళింది ఆ ఇంట్లోంచే, ఆవిడకి గుర్తుండకపోదు. వచ్చాక కాలేజీ చూడాలంటే చూపించండి, వాడి కాలేజీ. తరగతులు లేకపోయినా ఆవరణ తిప్పి, ఈ చెట్టు కింద కూర్చుని చదువుతాను అత్తా అని వాడినే చెప్పనివ్వండి. బర్క్‌లీ తీసుకెళ్ళి వాడిని పక్కన బొమ్మలా నిలబెట్టే ఆలోచన ఈ ఉత్తరం చదివిన క్షణమే మానుకోండి. అది జరిగితే ఆ పిల్లాడు మిమ్మల్ని క్షమించినా నేను క్షమించను.

దానికంటే ముందు, ఈ రాత్రి భోజనాల దగ్గర మీవారిని ఒక్కటి అడగండి. బీటెక్‌లో చేరిన మొదటిరోజు ఎలా గడిచిందో పిల్లలిద్దరికీ చెప్పమనండి. ఆయన చెప్పలేకపోతే మీరే మొదలుపెట్టండి, ఆయన అందుకుంటారు. ఆ తర్వాత పెద్దవాడు రాసుకున్న వ్యాసం చదివి వినిపించమనండి. దిద్దకండి, ఊరికే వినండి.

వాడు చదువుతుండగా మీరు వెళ్ళి ఆ మడతకుర్చీని గరాజ్‌లోంచి లోపలికి తెచ్చెయ్యండి. కుండీలు అక్కడే ఉండనివ్వండి, నీళ్ళు పోయడానికి వాడు ఎలాగూ వెళ్తాడు.