కథ చెప్పువాడు ఎచ్చట నిలుచుండవలెను?

పై తరగతుల బాలబాలికల కథలను, వ్యాసములను దిద్దునపుడు ఒక విషయము తరచుగా కనబడుచుండును. అరకులోయ గ్రామములలో పుట్టి పెరిగిన విద్యార్థి తన యూరిని గూర్చి వ్రాయవలసి వచ్చినప్పుడు, కలము చేతబట్టగానే ఊరు విడిచి బయటికి వచ్చి నిలుచుండును. “అరకులోయయందు గిరిజనులు నివసించుచున్నారు. వారు అమాయకులు. వారు థింసా నృత్యము చేయుదురు” అని ప్రారంభించును. ఆ “వారు” ఎవరు? వ్రాసినవాని తల్లి, మేనమామ, వాడును. విశాఖపట్టణమున రైలెక్కి, సొరంగములు లెక్కించుకొనుచు వచ్చి, నాలుగు ఛాయాచిత్రములు తీసికొని మరల కొండ దిగిపోవు యాత్రికుడు వ్రాయదగిన వాక్యములను ఆ యింటి బిడ్డయే వ్రాయుచున్నాడు. వానిలో వ్యాకరణదోషము లేదు. అయినను అవి ఇంటి గుమ్మము బయట నిలువబడి, ఇంటిలోనికి తొంగిచూచి వ్రాసిన మాటలు.

ఇట్లు కథ చెప్పువాడు నిలుచున్న చోటునే దృష్టికోణమందురు. ఎవరి కన్ను చూచుచున్నది, ఎవరి చెవి వినుచున్నది, ఎవరి మనస్సులోని మాట పాఠకునకు తెలియుచున్నది అను మూడు ప్రశ్నలకు వచ్చు ప్రత్యుత్తరమే అది. కథావస్తువును ఏరుకొనుటకు మన విద్యార్థులు పది దినములు ఆలోచింతురు. ఈ ప్రశ్నలకు పది నిమిషములైనను ఇయ్యరు.

వ్యాకరణము నేర్చినవారికి ఇచ్చట ఒక చిన్న చిక్కు కలదు. ఇంగ్లీషు వ్యాకరణమున మొదటి పురుషమని లెక్కింపబడు “నేను” మనకు ఉత్తమపురుష. వారు మూడవదిగా లెక్కించు “అతడు, ఆమె” మనకు ప్రథమపురుష. ఇంగ్లీషు పాఠము చదివి వచ్చి తెలుగు పరీక్షలో ఈ రెంటిని తారుమారు చేయువారు ప్రతి సంవత్సరమును ఉందురు. “నీవు” అని చెప్పబడు మధ్యమపురుష కథలును లేకపోలేదు గాని అవి బహు స్వల్పము. మీ వయస్సున వాని జోలికి పోనక్కరలేదు.

పురుష మార్చినంత మాత్రమున కథ ఎంత మారునో తెలియుటకు మన భాషలో ఒక చక్కని దృష్టాంతమున్నది. ఆలివర్ గోల్డ్‌స్మిత్ 1766లో ప్రకటించిన ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ అను నవలలో కథ చెప్పువాడు ప్రిమ్‌రోజ్ అను గురువే. తన కుటుంబమునకు వచ్చిన కష్టములను “నేను, నా భార్య, నా పిల్లలు” అని తానే చెప్పుకొనును. ఆయన మంచివాడు, భక్తిపరుడు. కాని కొంత వెఱ్ఱిబాగులవాడు. ఆ వెఱ్ఱి ఆయనకు తెలియదు, మనకు తెలియును. ఆ నవలలోని రుచి అంతయు అక్కడనే యున్నది. కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఆ నవలచే ప్రేరితులై 1878లో ‘రాజశేఖర చరిత్రము’ను వ్రాయునప్పుడు “నేను”ను విడిచిపెట్టి రాజశేఖరుని ప్రథమపురుషలో నిలిపిరి. కథను ధవళేశ్వరమునకు తెచ్చిరి. ఏల పురుషను మార్చిరి? పంతులుగారు సంఘసంస్కర్త. జ్యోతిష్కుల మాటలను, బంగారము చేసెదనని వచ్చిన బైరాగిని నమ్మి చెడిన గృహస్థుని కథను చెప్పుచు, ఆ నమ్మకము తప్పని పాఠకునకు విస్పష్టముగా చూపవలెనని వారి కోరిక. మోసపోయినవాని నోటనే కథ చెప్పించినచో ఆ తప్పు కప్పువడునేమో. కావున అందరికంటె ఎక్కువ తెలిసిన కథకుడు వారికి అవసరమాయెను. సంస్కరణకు అది లాభమే. గురువుగారు తన్ను తాను ఎఱుగకుండుటలో నున్న మెత్తని హాస్యము మాత్రము దానివలన పోయినదని నా యభిప్రాయము.

విజయనగరమున నివసించిన గురజాడ అప్పారావుగారు మఱియొక దారి త్రొక్కిరి. 1910లో వెలువడిన ‘దిద్దుబాటు’ కథలో భర్త గోపాలరావు రాత్రి చాల ప్రొద్దుపోయి ఇల్లు చేరును. భార్య కమలిని కనబడదు. ఉత్తరము మాత్రము కనబడును. కథ ప్రథమపురుషలోనే నడచును, కాని కథకుడు గోపాలరావు భుజము వెనుకనే నిలుచుండి, అతడు చూచినదే మనకు చూపును. అతని భయమే మన భయము. కమలిని పుట్టింటికి పోలేదనియు, మంచము క్రిందనే దాగియున్నదనియు కడపటి పంక్తులవఱకు మనకు తెలియదు. కథకుడు ఒక్కసారి మంచము క్రిందికి వంగి చూచియుండినచో కథయే లేదు. అదే రచయిత ‘మెటిల్డా’ను మాత్రము ఒక యువకుని నోట ఉత్తమపురుషలో చెప్పించెను.

మనము ప్రతి ఆదివారము వినుచున్న గ్రంథములోను ఈ విద్య యున్నది. అపొస్తలుల కార్యములలో పౌలును అతని సహచరులును “వారు”గా నుందురు. పదునారవ అధ్యాయమున త్రోయ పట్టణమువద్ద, ఏ ప్రకటనయు లేకుండ, “వారు” పోయి “మేము” వచ్చును. వ్రాయుచున్నవాడు ఓడ ఎక్కినాడని ఆ ఒక్క మాటవలన తెలియును. ఇరువదియేడవ అధ్యాయములోని తుపానును చదువునప్పుడు మన చేతులు ఓడ అంచును పట్టుకొనునట్లుండుటకు ఆ “మేము” ఒక కారణము. ఇక లూకా సువార్త పదునైదవ అధ్యాయములోని తప్పిపోయిన కుమారుని ఉపమానమును చూడుడు. కథ మొదట చిన్నవానితో దూరదేశమునకు పోవును. వాడు మరలి వచ్చునప్పుడు దూరమునుండి వానిని చూచునది తండ్రి కన్ను. పిమ్మట కథ పొలమునకు పోయి పెద్దవానితో ఇంటికి వచ్చును. వాద్యముల ధ్వని మనకు ఇంటిలోపలినుండి గాక బయటినుండి వినబడును. సంగతి యేమని పనివాని నడుగవలసివచ్చును. పెద్దకుమారుడు చిన్నవానిని తమ్ముడనడు, తండ్రితో నీ కుమారుడనును. తండ్రి ఆ మాటను మార్చి, వాడు నీ తమ్ముడని గుర్తుచేయును. ఇన్ని చోట్ల నిలిచియు కథ ఎచ్చటను చెదరలేదు. ఏలయనగా ఒక్కొక్క ఘట్టమునకు ఒక్క కన్నే యున్నది.

ఇప్పుడు మన సంతకు వత్తము. ఒక అవ్వ కొండమీది యూరినుండి పసుపు మూట నెత్తిన పెట్టుకొని, మనుమరాలిని వెంటబెట్టుకొని సంతకు దిగినది. షావుకారు తక్కెడలో తూచుచున్నాడు. తూచునప్పుడు అతని వేలు పళ్లెము క్రింద ఆని యున్నది. సంఘటన ఇంతే. దీనిని ఎవరు చెప్పవలెను?

మనుమరాలు చెప్పినచో నిట్లుండును: “సావుకారి యేలు పల్లెం కింద ఉంది. నేను సూసేను. అవ్వ సూడనేదు. అవ్వ ఆడి మొగంకేసి సూస్తంది. నేను కొంగు లాగేను. అవ్వ నా సెయ్యి ఇదిలించేసింది.” ఇది అన్యాయమును మొదటిసారి చూచిన బిడ్డ కథ. అవ్వకు ఏమియు తెలియదని ఆ బిడ్డ తలంచుచున్నది, మనమును తలంతుము.

అదే సంఘటనను అవ్వ చెప్పినచో? అవ్వ వేలును చూచినది. ఈ సంవత్సరమే కాదు, ఇరువది సంవత్సరములనుండి చూచుచున్నది. పోయిన వానకాలమున కోడలి కాన్పునకు షావుకారువద్ద తెచ్చిన అప్పు ఇంకను తీరలేదు. వేలు తీయుమనినచో అతడు పద్దు పుస్తకము తెఱచును. మనుమరాలు కొంగు లాగినది కూడ అవ్వకు తెలిసినది. “ఈ పిల్ల చూచెనే” యని ఆమెకు దిగులు కలిగినది. ఇప్పుడిది మోసమును గూర్చిన కథ కాదు. తన సిగ్గును బిడ్డ కన్నుకు కనబడకుండ దాచుకొన నెంచిన ముసలిదాని కథ. షావుకారు మనస్సులోనికి పోయినచో, శృంగవరపుకోటలోని పెద్ద వర్తకునకు తానియ్యవలసిన పైకము అతనికి జ్ఞాపకము వచ్చుచుండవచ్చును. వేలు అదే, పసుపు అదే. కథలు మూడు.

మన విద్యార్థి ఈ సంఘటనను వ్రాయునప్పుడు సాధారణముగా చేయునదేమనగా, మొదటి వాక్యములో అవ్వ మనస్సు, రెండవదానిలో షావుకారు మనస్సు, మూడవదానిలో “అమాయకులైన గిరిజనులను వర్తకులు మోసగించుచున్నారు” అను వార్తాపత్రిక వాక్యము. మూడును సత్యములే గాని పాఠకుడు ఎవరి ప్రక్కను నిలువడు. అన్నియు తెలిసిన కథకుని ఎన్నుకొనుట తప్పు గాదు. వీరేశలింగము పంతులుగారట్లే చేసిరి. మహాభారత యుద్ధమును గ్రుడ్డిరాజునకు వినిపింప సంజయునికి దివ్యదృష్టియే కావలసి వచ్చెను. అట్టి దృష్టిని కోరువాడు తానెవరికి చెప్పుచున్నాడో, ఏ క్షణమున ఏ దిక్కు చూచుచున్నాడో ఎఱిగియుండవలెను.

“అవ్వ” అనక “ఒక గిరిజన స్త్రీ” యని మొదలిడినను కథకుడు ఎచ్చట నిలుచున్నాడో బయటపడిపోవును. మనుమరాలికి ఆమె గిరిజన స్త్రీ కాదు. ఈ భేదమును మనవారు ముఖ్యముగా గుర్తింపవలెను. ఏలయనగా ఈ కొండలను గూర్చిన కాగితములలో పెక్కింటిని బయటివారే వ్రాసిరి. 1922 ఆగస్టు 22వ తేదీన అల్లూరి సీతారామరాజు అనుచరులతో చింతపల్లి పోలీసు స్టేషనుపై దాడి చేసి ఆయుధములు పట్టుకొనిపోయిన సంగతి చరిత్రలో నున్నది. ఆయన పేరిట 2022లో ఏర్పడిన జిల్లాలోనే మన లోయయు నున్నది. ఆనాటి సర్కారు కాగితములలో ఆ దాడి “తిరుగుబాటు”. ఆ తుపాకులను మోసికొని కొండ యెక్కిన యువకుని భుజమునకు అవి ఎంత బరువైనవో, ఇంటివద్ద తల్లి ఏమనుకొన్నదో ఏ కాగితమును చెప్పదు. కలము వానియొద్ద లేదు.

బయటివాడు లోపలికి రాలేడా యని మీరడుగవచ్చును. రాగలడు, కష్టపడినచో. మనకు ప్రక్కనున్న కోరాపుట్ జిల్లాలో ఉద్యోగము చేసిన ఒడియా రచయిత గోపీనాథ మహాంతి 1945లో ‘పరజా’ అను నవల వ్రాసెను. పోర్జా జాతివాడైన సుక్రు జాని అడవిలో చెట్లు నఱకి, జుల్మానా పడి, అప్పుచేసి, షావుకారువద్ద గోతిగా కుదురుకొని, భూమిని కోల్పోవు కథ అది. కథకుడు ప్రథమపురుషలోనే చెప్పును. కాని చెట్టు నఱకుట సర్కారు దృష్టికి నేరము, సుక్రు దృష్టికి కొడుకుల కొఱకు సిద్ధపఱచు పొలము. కథకుడు నిలుచున్నది సుక్రు ప్రక్కను. ఆ రచయితయే ప్రభుత్వోద్యోగి యైయుండియు తన కుర్చీనుండి కథ చెప్పలేదు. ఆయన మఱియొక నవల ‘అమృతర సంతాన’కు 1955లో సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది.

ఉత్తమపురుషను ఎన్నుకొనువారికి ఒక పెద్ద చిక్కు భాష. పై ఉదాహరణలోని అవ్వ ఇంటిలో తెలుగు మాటాడకపోవచ్చును. కువి యగునో, గదబ యగునో, ఆదివాసీ ఒడియా యగునో. ఆమె “నేను” అని తెలుగున చెప్పునప్పుడు ఆ తెలుగు ఎట్లుండవలెను? ఈ వ్యాసములోని భాష ఆమె నోట పెట్టినచో నవ్వు వచ్చును. వచ్చీరాని తెలుగు పెట్టినచో ఆమెను తెలివిలేనిదానినిగా చేసినట్లగును. ఆమె తన భాషలో తడబడదు గదా! కావున ఆమె ఆలోచనను తేటయైన చిన్న వాక్యములలో వ్రాసి, తెలుగున లేని మాటలను, చెట్ల పేరులను, పండుగల పేరులను, వంటకముల పేరులను ఆమె భాషలోనే ఉంచుట మేలని నాకు తోచుచున్నది. దీనికి మన బడిలో అధికారులు ఉపాధ్యాయులు కారు, ఆ భాషలు మాటాడు పిల్లలే. మీరు ఇంటికి పోయి అడిగి రావలసిన మాటలు మాకు ఏ నిఘంటువులోను దొరకవు. తలిదండ్రులు ఈ పుటలు చదువుచున్నయెడల, పిల్లలు వచ్చి యడిగినప్పుడు “బడిలో ఇవి ఎందుకు?” అని కసరకుందురుగాక.

“నేను” చెప్పువాడు తాను లేనిచోట జరిగినదానిని కన్నులార చూచినట్లు చెప్పరాదు. ఒకరివలన వినవలెను, లేక ఊహింపవలెను. నిద్రించుచున్నవాడు తన ముఖమెట్లుండెనో వర్ణింపరాదు. గత సంవత్సరపు కథలలో ఒకదానిలో చెప్పువాడే మూడవ పుటలో మరణించి, నాలుగవ పుటలో తన శవయాత్రను వర్ణించినాడు. ఆత్మ చెప్పుచున్నదని ముందే తెలిపినచో అంగీకరించియుందుము.

వచ్చు సంచికకు కథలు వ్రాయగోరువారు పైన చెప్పిన సంత సంఘటనను గాని, తాము కన్నులార చూచిన మఱియొక దానిని గాని తీసికొని, ఒకే సంఘటనను ఇరువురి కన్నులతో రెండు పుటలలో వ్రాసి ఉపాధ్యాయులకు అందజేయవలెను. ఇరువురిలో నొకరు మీకు నచ్చనివారై యుండవలెను. ఏ పుట ఎవరిదో శీర్షికలో వ్రాయవద్దు. మొదటి ఐదు పంక్తులలోనే మాకు తెలియవలెను.