పాఠం 9 : క్రోషియాతో జడపువ్వు

9.1 ఉపోద్ఘాతం

జడలో పువ్వు పెట్టుకోవడం మన ఇళ్లలో నిత్యం ఉండేదే. మల్లెలు, కనకాంబరాలు, చేమంతులు వాటి వాటి కాలాల్లో దొరుకుతాయి. ఉదయం పెట్టుకొన్నవి సాయంత్రానికి వాడిపోతాయి. దారంతో అల్లిన పువ్వుకు వాసన ఉండదు గాని, అది వాడదు. మాసినప్పుడు ఉతుక్కొని చాలాకాలం వాడుకోవచ్చు.

గత పాఠంలో మీరు సూదిదారంతో చేసే కుట్లు నేర్చుకొన్నారు. ఈ పాఠంలో కొక్కెం ఉన్న ఒకే ఒక సూదితో దారాన్ని అల్లి, మూడు వరుసల రేకులున్న పువ్వును తయారుచేసి, దానిని జడ క్లిప్పుకు అమర్చడం నేర్చుకొంటారు. ఈ పనికి రెండు లెక్కలు కావాలి. ఒకటి కుట్ల లెక్క. అది తప్పితే పువ్వు ముడుచుకుపోతుంది. రెండవది గంటల లెక్క. అది తప్పితే మీ కష్టం ఎవరికీ కనిపించకుండా పోతుంది. మొదటి లెక్క నేర్పేవారు చాలామంది ఉన్నారు. రెండవది నేర్పేవారు తక్కువ. అందుచేత ఈ పాఠంలో రెండూ చేర్చాం.

9.2 లక్ష్యాలు

ఈ పాఠం చదివి, చేసి చూసిన తరువాత మీరు:

• క్రోషియా అల్లికలోని ఐదు ముఖ్యమైన కుట్లు వేయగలుగుతారు.
• ఆరు రేకుల పువ్వును మూడు వరుసలుగా అల్లగలుగుతారు.
• పువ్వులో వచ్చే లోపానికి కారణం కనిపెట్టి సరిదిద్దగలుగుతారు.
• పువ్వును క్లిప్పుకు గట్టిగా అమర్చగలుగుతారు.
• మీ శ్రమను కలుపుకొని పువ్వు ధరను లెక్క కట్టగలుగుతారు.

9.3 ఈ పని చేసిన చేతులు

ఐర్లండు దేశంలో 1840లలో బంగాళాదుంప పంట తెగులుతో నాశనమై పెద్ద కరువు వచ్చింది. ఆ రోజుల్లో అక్కడి ఎన్నో కుటుంబాలను క్రోషియా లేసు ఆదుకొంది. ఒకదాని వెనుక ఒకటిగా రేకులు పేర్చిన గులాబీ పువ్వు ఆ లేసులో పేరుపొందిన నమూనా. మీరు ఈ పాఠంలో అల్లబోయేది ఆ పద్ధతి పువ్వే.

మన రాష్ట్రంలో ఈ పనికి పేరుపొందిన ఊరు పశ్చిమ గోదావరి జిల్లాలోని నరసాపురం. వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉన్న ఈ పట్టణానికి, చుట్టుపక్కల పల్లెలకు 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా లేసు అల్లిక వచ్చింది. తరువాత అది వ్యాపారంగా పెరిగి, ఇక్కడి లేసు విదేశాలకు ఎగుమతి అయింది. పని మాత్రం ఇళ్లలోనే జరిగింది. ఒకరు పువ్వులు అల్లితే, మరొకరు వాటిని అతికి పెద్ద లేసుగా చేస్తారు. దారం పంచేవారు, తయారైన సరుకు పోగుచేసేవారు వేరు.

మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఈ లేసు పనివారి మీద అధ్యయనం చేసి 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. ప్రపంచ మార్కెట్టు కోసం సరుకు తయారుచేస్తున్న స్త్రీలను గృహిణులుగానే లెక్కించారని, వారి పనిని తీరిక వేళ కాలక్షేపంగా చూశారని, అందువల్లనే వారికి అతి తక్కువ కూలి ముట్టిందని ఆమె చూపారు. 2024లో నరసాపురం క్రోషియా లేసుకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించింది. ఈ గుర్తింపు ఊరి పేరును, సరుకు పేరును కాపాడుతుంది. అల్లిన చేతికి ఎంత కూలి ముట్టాలో అది నిర్ణయించదు. ఆ లెక్క మనమే వేసుకోవాలి. దానిని 9.8లో చూద్దాం.

9.4 కావలసిన సామగ్రి

1. నూలు క్రోషియా దారం, 10 నంబరుది, ఒక ఉండ. దారం నంబరు పెరిగే కొద్దీ దారం సన్నబడుతుంది. 40 నంబరు దారం 10 నంబరు కంటే సన్నం. కొత్తవారికి సన్నని దారం కష్టం.
2. 1.75 మిల్లీమీటర్ల స్టీలు క్రోషియా సూది.
3. జుట్టు క్లిప్పు ఒకటి. నొక్కితే టక్కున మూసుకొనే రేకు క్లిప్పు మంచిది.
4. క్లిప్పు రంగుకు దగ్గరగా ఉన్న మందపాటి గుడ్డ ముక్క.
5. కుట్టుసూది, దారం, కత్తెర, గుండుసూదులు.

తెల్లదారం మీద కుట్లు స్పష్టంగా కనిపిస్తాయి. కాబట్టి మొదటి పువ్వు తెల్లదారంతో అల్లండి. జుట్టు నూనె తగిలితే తెలుపు త్వరగా మాస్తుంది. అమ్మకానికి, రోజువారీ వాడకానికి ముదురు రంగులు నయం.

9.5 ఐదు కుట్లు

క్రోషియా పుస్తకాల్లో కుట్ల పేర్లు అన్నిచోట్లా ఒకటి కావు. అమెరికా పుస్తకం సింగిల్ క్రోషే అనే కుట్టునే ఇంగ్లండు పుస్తకం డబుల్ క్రోషే అంటుంది. అమెరికావారి డబుల్ ఇంగ్లండులో ట్రెబుల్ అవుతుంది. ఏ పుస్తకం చూసి అల్లినా ముందు అది ఏ పద్ధతిదో తెలుసుకోండి. ఈ పాఠంలో మనం కుట్టు ఎత్తును బట్టి తెలుగు పేర్లు వాడుకొందాం.

ముందుగా దారంతో జారుముడి వేసి, దాని ఉచ్చును సూదికి తగిలించండి. సూది కుడిచేతిలో, ఉండ నుంచి వచ్చే దారం ఎడమచేతి చూపుడువేలి మీద ఉండాలి. ఎడమచేతి వాటం వారు దీనిని తారుమారు చేసుకోవచ్చు.

గొలుసు కుట్టు: దారాన్ని సూదికి ఒకసారి చుట్టి, కొక్కెంతో పట్టి, సూది మీద ఉన్న ఉచ్చులోంచి బయటికి లాగండి.

కలుపు కుట్టు: సూదిని చెప్పినచోట గుచ్చి, దారాన్ని పట్టి, గుచ్చిన చోటు నుంచీ సూది మీది ఉచ్చు నుంచీ ఒకేసారి లాగండి. వరుసను మూయడానికి ఇది పనికివస్తుంది.

పొట్టి కుట్టు: సూదిని గుచ్చి దారాన్ని పైకి లాగండి. సూది మీద 2 ఉచ్చులుంటాయి. దారం చుట్టి రెండింటిలోంచి ఒకేసారి లాగండి.

నడిమి కుట్టు: ముందే దారాన్ని సూదికి చుట్టి, ఆ తరువాత గుచ్చి, దారాన్ని పైకి లాగండి. సూది మీద 3 ఉచ్చులుంటాయి. మళ్లీ దారం చుట్టి మూడింటిలోంచి ఒకేసారి లాగండి.

పొడవు కుట్టు: నడిమి కుట్టులాగే 3 ఉచ్చులు వచ్చేదాకా చేయండి. దారం చుట్టి మొదటి రెండింటిలోంచి లాగండి. మళ్లీ చుట్టి మిగిలిన రెండింటిలోంచి లాగండి.

ఒక్కో కుట్టును 20 సార్లు వేసి చూసుకొన్న తరువాతే పువ్వు మొదలుపెట్టండి. కుట్లన్నీ ఒకే బిగువుతో ఉండాలి. సూది దూరడం కష్టమైతే బిగువు ఎక్కువైందని అర్థం.

పాఠ్యాంశ ప్రశ్నలు 9.1

1. 10 నంబరు, 20 నంబరు దారాల్లో ఏది లావు?
2. పొడవు కుట్టులో దారం మొదటిసారి పైకి లాగాక సూది మీద ఎన్ని ఉచ్చులుంటాయి?
3. వరుసను మూయడానికి ఏ కుట్టు వాడతారు?

9.6 పువ్వు అల్లే విధానం

నడుమ: 6 గొలుసులు వేయండి. మొదటి గొలుసులో కలుపు కుట్టు వేస్తే చిన్న వలయం ఏర్పడుతుంది.

1వ వరుస: 6 గొలుసులు వేయండి. వీటిలో మొదటి మూడింటిని ఒక పొడవు కుట్టుగా లెక్కించాలి. మిగిలిన మూడు తోరణం. వలయంలో ఒక పొడవు కుట్టు వేసి, 3 గొలుసులు వేయండి. ఇలా మొత్తం 5 సార్లు చేయండి. చివరి గొలుసులను, మొదట వేసిన 6 గొలుసుల్లో మూడవదానికి కలుపు కుట్టుతో కలపండి. ఇప్పుడు లెక్కపెట్టండి. 6 స్తంభాలు, వాటి మధ్య 6 తోరణాలు ఉండాలి. 5 ఉంటే ఇక్కడే విప్పండి. ముందుకు వెళ్లాక విప్పడం కష్టం.

2వ వరుస: ప్రతి తోరణం కిందుగా సూదిని పోనిచ్చి, 1 పొట్టి, 1 నడిమి, 3 పొడవు, 1 నడిమి, 1 పొట్టి కుట్లు వేయండి. ఒక్కో రేకుకు 7 కుట్లు. ఆరు రేకులయ్యాక మొదటి పొట్టి కుట్టులో కలపండి.

3వ వరుస: రేకులను ముందుకు వంచి పట్టుకోండి. పువ్వు వెనుక నుంచి, 1వ వరుసలోని ఒక స్తంభం చుట్టూ సూదిని తిప్పి ఒక పొట్టి కుట్టు వేయండి. 5 గొలుసులు వేసి, తరువాతి స్తంభం చుట్టూ అలాగే పొట్టి కుట్టు వేయండి. ఆరు స్తంభాలూ అయ్యాక చివరి 5 గొలుసులను మొదటి పొట్టి కుట్టులో కలపండి. రేకుల వెనుక 6 కొత్త తోరణాలు ఏర్పడతాయి.

4వ వరుస: ప్రతి తోరణంలో 1 పొట్టి, 1 నడిమి, 5 పొడవు, 1 నడిమి, 1 పొట్టి కుట్లు వేసి చివర కలపండి. రేకుకు 9 కుట్లు.

5వ వరుస: 3వ వరుసలాగే చేయండి. కాని ఈసారి 3వ వరుసలోని పొట్టి కుట్ల చుట్టూ వేయాలి. మధ్యలో 7 గొలుసులు.

6వ వరుస: ప్రతి తోరణంలో 1 పొట్టి, 1 నడిమి, 7 పొడవు, 1 నడిమి, 1 పొట్టి. రేకుకు 11 కుట్లు. చివర కలిపి, జానెడు దారం వదిలి కత్తిరించి, కొసను ఉచ్చులోంచి లాగి బిగించండి.

తోరణాల్లో 3, 5, 7 గొలుసులు ఎందుకు? బయటి రేకు లోపలి రేకు కంటే పెద్దదైతేనే దాని వెనుక నుంచి బయటికి కనబడుతుంది. మూడు వరుసలకూ 3 గొలుసులే వేస్తే వెనుక రేకులు దాగిపోతాయి. తోరణం పెరిగినప్పుడు దాన్ని నింపే కుట్లూ పెరగాలి. అందుకే పొడవు కుట్లు కూడా 3, 5, 7గా పెరిగాయి.

9.7 లోపాలు, ముగింపు పనులు

• రేకు గిన్నెలా ముడుచుకొంటే: కుట్లు తక్కువయ్యాయి, లేదా బిగువు ఎక్కువైంది.
• రేకు అలలు అలలుగా లేస్తే: ఒక తోరణంలో కుట్లు ఎక్కువయ్యాయి.
• వెనుక వరుసలో ఐదే రేకులు వస్తే: ఒక స్తంభాన్ని వదిలేశారు.
• వెనుక రేకులు కనబడకపోతే: తోరణం గొలుసులు తగ్గాయి.

లోపం కనబడితే ఆ వరుస దాకా విప్పి మళ్లీ అల్లండి. విప్పిన దారం పాడవదు.

దారం కొసలను కుట్టుసూదికి ఎక్కించి పువ్వు వెనుక కుట్లలోకి దూర్చి దాచండి. పువ్వును సబ్బునీటిలో జాడించి, పలుచని గంజిలో ముంచి, పిండి, తువ్వాలు మీద పరవండి. రేకులను గుండుసూదులతో సర్ది నీడలో ఆరబెట్టండి. ఆరాక రేకులు నిలబడతాయి.

గుడ్డను పువ్వు నడుమ భాగం కంటే కొంచెం పెద్దగా గుండ్రంగా కత్తిరించి, ముందు క్లిప్పు పైరేకుకు నాలుగైదు చోట్ల కుట్టండి. తరువాత పువ్వును ఆ గుడ్డకు కుట్టండి. జిగురుతో అంటిస్తే ఉతుకులకు, నూనెకు ఊడిపోవచ్చు. చిన్నపిల్లల పువ్వులకు పూసలు కుట్టకండి. ఊడిన పూసను నోట్లో పెట్టుకొనే ప్రమాదం ఉంది.

9.8 ధర లెక్క

చాలామంది దారం ఖర్చు, క్లిప్పు ఖర్చు రాసుకొని, వాటి మీద నాలుగు రూపాయలు వస్తే లాభమనుకొంటారు. కూర్చొని అల్లిన కాలాన్ని లెక్కలో వేయరు. పువ్వు మొదలుపెట్టినప్పుడు, ముగించినప్పుడు గడియారం చూసి రాసుకోండి. మధ్యలో అన్నం వండడానికి లేచిన సమయం తీసివేయండి.

ఒక ఉదాహరణ చూడండి. ఇందులోని అంకెలు లెక్క చూపడానికి మాత్రమే. మీ ఊరి ధరలు మీరు వేసుకోవాలి.

దారం, క్లిప్పు, గుడ్డ: 15 రూపాయలు
పట్టిన సమయం: ఒకటిన్నర గంట
ఊళ్లో 8 గంటల కూలి 400 రూపాయలైతే గంటకు: 50 రూపాయలు
ఒకటిన్నర గంట శ్రమ: 75 రూపాయలు
పువ్వు అసలు ఖరీదు: 15 + 75 = 90 రూపాయలు

వ్యాపారి ఈ పువ్వుకు 30 రూపాయలిస్తానంటే, సామాను ఖర్చు పోగా మిగిలేది 15 రూపాయలు. ఒకటిన్నర గంటకు 15 అంటే గంటకు 10 రూపాయలు. కూలికి వెళ్తే వచ్చేదానిలో ఇది ఐదోవంతు.

ఈ లెక్క తెలిస్తే మీ ముందు కొన్ని దారులు కనిపిస్తాయి. చేయి అలవాటైతే ముప్పావు గంటలో పువ్వు పూర్తికావచ్చు. అప్పుడు శ్రమ 37 రూపాయల 50 పైసలు, మొత్తం ఖరీదు 52 రూపాయల 50 పైసలు అవుతుంది. రెండు వరుసల రేకులతోనే ఆపి తక్కువ ధర పువ్వు చేయవచ్చు. నలుగురు కలిసి దారం టోకున కొనవచ్చు. తిరునాళ్లలో, బడి దగ్గర నేరుగా అమ్మవచ్చు. దారం, క్లిప్పులు వ్యాపారే ఇస్తే, అతను ఇచ్చే డబ్బంతా మీ శ్రమ ధరే. దానిని గంటలతో భాగించి చూసి ఒప్పుకోండి. ఒప్పుకోవడమా, మానడమా అన్నది మీ ఇష్టం. ఏది చేసినా లెక్క తెలిసి చేయండి.

పాఠ్యాంశ ప్రశ్నలు 9.2

1. మూడు వరుసల రేకుల్లో మొత్తం ఎన్ని కుట్లుంటాయి?
2. సామానుకు 18 రూపాయలు, అల్లడానికి 2 గంటలు పట్టాయి. కూలి 8 గంటలకు 320 రూపాయలు. పువ్వు ఖరీదెంత?
3. ఆ పువ్వును 50 రూపాయలకు అమ్మితే గంటకు ఎంత మిగిలింది?

9.9 మీరు ఏం నేర్చుకొన్నారు

క్రోషియా పువ్వుకు గొలుసు, కలుపు, పొట్టి, నడిమి, పొడవు అనే ఐదు కుట్లు చాలు. రేకుల వరుసలు 7, 9, 11 కుట్లుగా పెరుగుతాయి. ప్రతి వరుస చివర లెక్కపెట్టుకోవాలి. పువ్వు ఖరీదులో సామానుతోపాటు శ్రమ కూడా ఉంటుంది. ఇంట్లో కూర్చొని చేసినంత మాత్రాన అది పని కాకుండా పోదు.

9.10 పాఠాంత ప్రశ్నలు

1. తోరణాల గొలుసులను వరుస వరుసకూ ఎందుకు పెంచాలి? వివరించండి.
2. మీరు అల్లిన మొదటి మూడు పువ్వులకు పట్టిన సమయాన్ని పట్టికగా రాసి, ఒక్కోదాని ఖరీదు కట్టండి.
3. మీ ఊళ్లో ఇంటివద్దే చేసే మరో పనిని తీసుకొని, దానికి గంటకు ఎంత ముడుతోందో కనుక్కోండి.

మీ పువ్వును, పట్టికను సంపర్క తరగతికి తీసుకువెళ్లి తోటి అభ్యాసకులవాటితో పోల్చి చూడండి.

పాఠ్యాంశ ప్రశ్నలకు జవాబులు

9.1: 1. 10 నంబరు దారం. 2. మూడు. 3. కలుపు కుట్టు.

9.2: 1. 42 + 54 + 66 = 162 కుట్లు. 2. గంటకు 40 చొప్పున 2 గంటలకు 80; 80 + 18 = 98 రూపాయలు. 3. 50 – 18 = 32; 2 గంటలకు 32 కాబట్టి గంటకు 16 రూపాయలు.