మందుల బ్యాగు పట్టాలంటే ఏం తెలిసుండాలి?

సమస్య

మాది మన్ననూర్. అచ్చంపేటలో తెలుగు మీడియంలో బీజెడ్‌సీతో బీఎస్సీ చేశాను. డిగ్రీ అయ్యాక అక్కడే ఒక మెడికల్ షాపులో పనికి కుదిరాను. నెలకు తొమ్మిది వేలు ఇస్తారు. నాన్న ఆటో నడుపుతారు, తమ్ముడు ఇంటర్ చదువుతున్నాడు.

మా షాపుకు మెడికల్ రెప్‌లు వస్తుంటారు. ఈమధ్య ఒక రెప్‌తోపాటు వాళ్ల ఏరియా మేనేజర్ వచ్చారు. స్టాక్ వివరాలు నేను చూడకుండానే చెబుతుంటే విని, "మా దగ్గర ఖాళీ ఉంది, ఇంటర్వ్యూకు రామ్మా, బేసిక్ నాలెడ్జ్ ఉంటే చాలు" అన్నారు. ఆ బేసిక్ నాలెడ్జ్ ఏమిటని అడిగితే తలా ఒక మాట చెబుతున్నారు. ఇంగ్లీషు గడగడా రావాలని ఒకరు, మాటకారితనం ఉంటే చాలని ఇంకొకరు. హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్లు పదిహేను వేలు కడితే ట్రైనింగ్ ఇచ్చి ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. మా బాబాయేమో "ఆడపిల్లవు, ఈ తిరుగుడు నీకెందుకు? పోలేపల్లి సెజ్‌లో మందుల కంపెనీలో చేరు, షిఫ్టు అయిపోతే హాయిగా ఇంటికి రావచ్చు" అంటున్నాడు. అమ్మకు రాత్రిపూట అడవి దారి భయం. నాకు మాత్రం ఈ పని మీద ఇష్టంగా ఉంది. నేను ఏం చదువుకోవాలి? ఇది నాకు తగిన పనేనా?

— ఒక సోదరి, మన్ననూర్

సలహా

బిడ్డా, నీ ఉత్తరం చదవగానే ఒకటి అనిపించింది. ఆ మేనేజర్ నీలో ఏం చూశాడో నీకింకా తెలియలేదు. షాపు కౌంటర్ వెనక నిలబడి ఏ డాక్టరు ఏ మందు రాస్తున్నాడు, ఏ స్ట్రిప్పు కదులుతోంది, ఏది ఎక్స్‌పైరీ దాకా అల్మారాలోనే ఉంటోంది అని రోజూ చూస్తున్నావు. రెప్‌లు షాపుకు వచ్చి ఆర్‌సీపీఏ (ప్రిస్క్రిప్షన్ల ఆడిట్) పేరుతో అడిగి రాసుకునేది ఇదే. కొత్తగా చేరినవాళ్లు నెలల తరబడి తిరిగి నేర్చుకునే పాఠం నీకు జీతమిచ్చి నేర్పుతున్నారు.

ఇక బేసిక్ నాలెడ్జ్ సంగతి. మాటకారితనం అన్నవాళ్ల మాట నమ్మకు. నా అనుభవంలో డాక్టర్లు గుర్తుపెట్టుకునే రెప్ ఒక్కడే: తన మందు ఎవరికి పనికిరాదో, ఎవరికి ఇవ్వకూడదో అడగకముందే చెప్పేవాడు. మంచి గుణాలు బ్రోషర్‌లో రంగుల్లో అచ్చేసి ఉంటాయి, వాటిని ఎవరైనా చదవగలరు. మందు హద్దులు తెలుసుకోవడమే ఈ వృత్తిలో అసలు చదువు.

ఒక మందు తీసుకుని చూద్దాం. మన అమ్రాబాద్, పదర వైపు గర్భిణుల్లో రక్తహీనత నీకు తెలియనిది కాదు. నీకు ఐరన్ గోలీ ఇచ్చి గైనకాలజిస్టు దగ్గరికి పంపారనుకో. ఫెర్రస్ ఆస్కార్బేట్, ఫోలిక్ యాసిడ్ కలిపిన గోలీ. ముందు శరీరం సంగతి తెలియాలి: హిమోగ్లోబిన్ ఏం పని చేస్తుంది, అందులో ఐరన్ పాత్ర ఏమిటి, అది పేగుల్లో ఎక్కడ రక్తంలోకి చేరుతుంది. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత అంటారు, 7 కంటే తగ్గితే తీవ్రం. ఆ తర్వాత మందు సంగతి. టీతో వేసుకుంటే సరిగ్గా ఒంటపట్టదు. కాల్షియం గోలీకీ దీనికీ మధ్య ఒకటి రెండు గంటల ఎడం ఉండాలి. మలం నల్లగా రావచ్చు, దానికి భయపడనక్కర్లేదని రోగికి ముందే చెప్పాలి. మలబద్ధకం, వికారం ఉండొచ్చు. తలసీమియా ఉన్నవాళ్లకు రక్తం తక్కువగా ఉందని ఐరన్ పెట్టేయకూడదు. చిన్నపిల్లలు మింగితే ప్రాణం మీదికి వస్తుంది, కాబట్టి అందని చోట పెట్టమనాలి.

ఇంతవరకు పుస్తకంలో దొరుకుతుంది. అసలు పరీక్ష ఆ తర్వాత మొదలవుతుంది. డాక్టరమ్మ నీ వైపు చూసి, "ప్రైమరీ హెల్త్ సెంటర్లో ఐరన్ గోలీలు ఉచితంగా ఇస్తున్నారు కదా, నీది నేనెందుకు రాయాలి?" అంటుంది. అడిగి తీరుతుంది. సర్కారు ఇచ్చే ఆ ఎర్ర గోలీలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. గర్భిణికి నాలుగో నెల నుంచి కనీసం 180 రోజులు రోజూ ఇవ్వాలన్నది కార్యక్రమం. అది మంచి మందు. "సర్కారు గోలీ పనిచేయదు మేడమ్" అన్నావంటే అబద్ధం చెప్పినట్టు, ఆ గది తలుపు నీకు మూసుకున్నట్టు. నువ్వు చెప్పాల్సింది ఇంతే: "మేడమ్, ఆ గోలీ పడుతున్నవాళ్లకు అదే కొనసాగించండి. కడుపులో తిప్పి మానేస్తున్నవాళ్లకు వేరే సాల్ట్ కావాలనుకుంటే మాది ఒకసారి చూడండి, ధర ఇంత." ఈ మాటతో అమ్మకం తగ్గుతుందని మీ మేనేజర్ అనొచ్చు. తగ్గదు. తన రోగి డబ్బు గురించి ఆలోచించిన మనిషి రాక కోసం డాక్టరు కూడా ఎదురుచూస్తాడు.

ఇలా ఒక్కొక్క మందూ పట్టుకో. మీ షాపులో ఎక్కువగా కదిలే పది పన్నెండు మందులు చాలు. ప్రిస్క్రిప్షన్ మీద ఓడీ, బీడీ, టీడీఎస్ అని చదివి కవరు మీద గీతలు గీస్తుంటావు కదా, ఒకటి రోజుకోసారి, ఇంకొకటి మూడుసార్లు ఎందుకో అడిగి తెలుసుకో. పారాసిటమాల్ రెండు మూడు గంటల్లో సగానికి తగ్గిపోతుంది. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ సగానికి తగ్గడానికి 30 నుంచి 50 గంటలు పడుతుంది. హాఫ్‌లైఫ్ అంటే అదే. ఇది అర్థమైతే మందు శరీరంలోకి ఎలా వెళ్తుంది, కాలేయం దాన్ని ఏం చేస్తుంది, కిడ్నీలు ఎలా బయటికి పంపుతాయి అన్నవి వాటంతటవే దారిలో పడతాయి. ఆమ్లోడిపిన్‌తో కొందరికి పాదాలు వాస్తాయి, ఎనలాప్రిల్‌తో కొందరికి పొడి దగ్గు వస్తుంది. ఇంటర్వ్యూలో ఈ రెండు ముక్కలు చెప్పగలిగితే నీ మీడియం ఏమిటని ఎవరూ అడగరు. మందుల పేర్లు, జబ్బుల పేర్లు ఎలాగూ ఇంగ్లీషే, అవి నీ నోట ఇప్పటికే తిరుగుతున్నాయి. కంపెనీ విజువల్ ఎయిడ్ చూపిస్తూ చెప్పే రెండు నిమిషాల మాట ఇంగ్లీషులో సాధన చేసుకో. మిగతా సంభాషణ అచ్చంపేటలో ఏ భాషలో సాగుతుందో నీకు తెలియదా!

డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్, హెచ్1 మందుల తేడా మీ షాపులోనే నేర్చుకో. 2014 మార్చి నుంచి హెచ్1 మందులకు వేరే రిజిస్టర్ ఉంది. డాక్టరు పేరు, రోగి పేరు, మందు, ఎంత ఇచ్చారన్నది రాసి మూడేళ్లు దాచాలి. సెఫిక్సిమ్ లాంటి యాంటీబయాటిక్స్, ఆల్ప్రాజోలం, ట్రమడాల్ అందులోవే.

లెక్క కూడా రావాలి, ఇది కష్టమేమీ కాదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి చాలా మందుల మీద జీఎస్టీ 5 శాతం. ఎంఆర్‌పీ 105 రూపాయలున్న స్ట్రిప్పులో పన్ను తీసేస్తే వంద. ధర నియంత్రణలో లేని మందుకు వాడుకలో ఉన్న 20 శాతం రిటైలర్ మార్జిన్ పోతే 80, అది పీటీఆర్, అంటే షాపు కొనే ధర. అందులో స్టాకిస్టుది 10 శాతం పోతే 72, అది పీటీఎస్, అంటే స్టాకిస్టు కొనే ధర. నెలకు రెండు లక్షల టార్గెట్ పీటీఎస్ మీద ఇచ్చారనుకో, దాదాపు 2,780 స్ట్రిప్పులు అమ్మాలి. నెలలో 25 రోజులు తిరిగితే రోజుకు 111. ఆ అంకె నీ ఏరియాలో ఉన్న డాక్టర్లతో, వాళ్లు చూసే రోగులతో కుదురుతుందా అని ఉద్యోగంలో చేరకముందే వేసి చూసుకో. నెలాఖరున టార్గెట్ కోసం స్టాకిస్టు నెత్తిన సరుకు దించడం, మూడు నెలలకు అది ఎక్స్‌పైరీగా వెనక్కి రావడం నువ్వు కౌంటర్ దగ్గర చూసే ఉంటావు.

ఇప్పుడు మన నేల గురించి చెప్పాలి. మన్ననూర్ చుట్టూ పెంటలని పిలిచే గూడేల్లో చెంచులకు వైద్యం అందేది ఎక్కువగా సర్కారు ద్వారానే. ప్రభుత్వ ఆసుపత్రుల మందులు రాష్ట్ర వైద్య సేవల సంస్థ కొని పంపుతుంది, అక్కడ బ్రాండ్ అమ్మకం దాదాపు ఉండదు. కాబట్టి నీ పని అచ్చంపేట, కల్వకుర్తి, నాగర్‌కర్నూల్, కొల్లాపూర్ ప్రైవేటు క్లినిక్కుల చుట్టూ తిరుగుతుంది. 2022లో నాగర్‌కర్నూల్, వనపర్తిలో, 2024లో గద్వాలలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. చదువుకున్న డాక్టర్లు పెరిగేకొద్దీ ప్రశ్నలూ పెరుగుతాయి. నీలాంటి చదువరికి అది మంచిదే.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. కొన్ని చోట్ల టార్గెట్ ఒత్తిడితో ఊళ్లలోని ఆర్ఎంపీల దగ్గరికి వెళ్లి యాంటీబయాటిక్స్, స్టెరాయిడ్లు దించమంటారు. ఆ పని చేయకు. షెడ్యూల్ హెచ్ మందు రాసే అర్హత వాళ్లకు లేదు. ఆ మందు చివరికి చేరేది మీ ఊరి మనుషులకే. 2024 మార్చి 12న కేంద్ర ఫార్మాస్యూటికల్స్ శాఖ తెచ్చిన యూసీపీఎంపీ అనే మందుల మార్కెటింగ్ నియమావళి ఇంటర్వ్యూకు ముందు ఒకసారి చదువు. మందు రాసే అర్హత ఉన్నవాళ్లకే శాంపిల్స్ ఇవ్వాలి, అవి కూడా ఒక మందుకు ఏడాదికి ఒక డాక్టరుకు 12 ప్యాక్‌లు దాటకూడదు. డాక్టరుకు గానీ ఆయన కుటుంబానికి గానీ బహుమతులు ఇవ్వకూడదు. "సైడ్ ఎఫెక్ట్స్ లేవు" అని ఏ మందు గురించీ చెప్పకూడదు. డాక్టరు ఎప్పుడైనా "నీ మందుతో ఒకామెకు దద్దుర్లు వచ్చాయి" అంటే మాట మార్చకు. రాసుకుని కంపెనీకి పంపు. మందుల దుష్ప్రభావాలు నమోదు చేసే 1800-180-3024 అనే ఉచిత నంబరుకు కూడా చెప్పవచ్చని డాక్టరుకు గుర్తు చెయ్యి.

అమ్మ భయం న్యాయమైనదే, కొట్టిపారేయను. మన్ననూర్ చెక్‌పోస్టు దాటాక శ్రీశైలం దారి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా ఎలాగూ మూసి ఉంటుంది. చిక్కు అటువైపు కాదు, అచ్చంపేట వైపే. కొందరు డాక్టర్లు రెప్‌లను ఓపీ అయ్యాక రాత్రిపూట పిలుస్తారు. నీ హెడ్‌క్వార్టర్ ఏ ఊరు, అదే రోజు తిరిగొచ్చే ఎక్స్‌స్టేషన్, రాత్రి ఉండాల్సిన అవుట్‌స్టేషన్ ఏవి, రోజు భత్యం (డీఏ) ఎంత, రాత్రి కాల్స్ తప్పనిసరా అని ఇంటర్వ్యూలోనే అడుగు. అడిగితే ఉద్యోగం ఇవ్వరేమోనని వెనకాడకు. అచ్చంపేటలో గది తీసుకుని ఉండటం మంచిదని నా సలహా. 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం ప్రకారం ఉద్యోగరీత్యా వెళ్లే ప్రతి చోటూ పని స్థలమే. డాక్టరు గదైనా, మేనేజర్‌తో కలిసి చేసే ప్రయాణమైనా సరే. పదిమంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థలో ఫిర్యాదుల కమిటీ ఉండాలి. అందులో ఎవరెవరున్నారో పేర్లు అడిగి రాసుకో.

అపాయింట్‌మెంట్ లెటర్ చేతికి రాకుండా ఒక్క కాల్ కూడా చేయకు. 1976లో వచ్చిన సేల్స్ ప్రమోషన్ ఎంప్లాయీస్ చట్టం రెప్‌లకు ఆ హక్కు ఇచ్చింది. ఆ చట్టాన్ని 2020 నాటి లేబర్ కోడ్‌లో కలిపినా లెటర్ హక్కు అందులోనూ ఉంది.

పోలేపల్లి గురించి బాబాయి చెప్పింది తప్పు కాదు. అక్కడి పని గౌరవమైనదే, ఈ తిరుగుడు నిజంగా పడదనుకుంటే వెళ్లు. కానీ నీ ఉత్తరంలో ఆ కోరిక కనబడలేదు, కౌంటర్ దగ్గర సంపాదించిన తెలివి అక్కడ ఎందుకూ పనికిరాదు. నా తీర్పు రెప్ ఉద్యోగం వైపే.

కన్సల్టెన్సీకి పదిహేను వేలు కాదు కదా, పదిహేను రూపాయలు కూడా కట్టకు. మందుల గురించి ట్రైనింగ్ ఇవ్వాల్సింది నిన్ను తీసుకునే కంపెనీ, అదీ వాళ్ల ఖర్చుతోనే. ఇంటర్వ్యూకు వెళ్లేముందు మీ షాపు యజమానికి మాత్రం ఒక మాట చెప్పి వెళ్లు. ఉద్యోగం వచ్చాక నువ్వు మొదటి ఆర్డరు అడగాల్సింది ఆయన్నే.