భూముల క్రయవిక్రయములలో మధ్యవర్తి: కావలసిన అర్హత, నేర్వవలసిన విద్య

విశాఖపట్నమున 1933లో నౌకాశ్రయము తెరువబడినది. 1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది. ఈ రెండింటి మూలమున నగరము చుట్టునున్న పల్లెల భూములకు మునుపు లేని విలువ వచ్చినది. ఒకనాడు ఎకరములలోను సెంట్లలోను కొలిచిన నేలను నేడు చదరపు గజములలో కొలుచుచున్నారు. ఆనందపురము, సబ్బవరము, భీమునిపట్నము, భోగాపురము ప్రాంతములలో చదువుకొన్న యువకులు పలువురు స్థలములు చూపి బేరములు కుదుర్చు పనికి పూనుకొనుచున్నారు.

పూర్వము ఈ పని ఊరి పెద్దమనిషి చేసెడివాడు. ఏ పొలమునకు హద్దురాయి ఎచ్చట నున్నదో, ఏ అన్నదమ్ముల నడుమ తగవు కలదో అతనికి తెలియును. నేడు అమ్మువాడు ఒక ఊరివాడు, కొనువాడు మరియొక ఊరివాడు. కర్మాగారమున ముప్పది యేండ్లు పనిచేసి విరమించిన కార్మికుడు తన గ్రాట్యుటీ సొమ్మునంతను మధ్యవర్తి మాటను నమ్మి పెట్టుచున్నాడు. ఆ మాట తప్పైనచో ఆ కుటుంబమునకు మరల కోలుకొను వయసు ఉండదు. కావున ఈ వృత్తికి అర్హత యేమి, శిక్షణ యేమి అని మేము ఇచ్చట విచారింపదలచితిమి.

చట్టము చెప్పునది

పార్లమెంటు 2016లో రియల్ ఎస్టేట్ నియంత్రణ, అభివృద్ధి చట్టమును చేసినది. దీనినే జనులు రెరా అందురు. ఇది 2017 మే 1 నాటికి పూర్తిగా అమలులోనికి వచ్చినది. భూమి విస్తీర్ణము 500 చదరపు మీటర్లకు, అనగా సుమారు 598 గజములకు, మించిన లేఅవుటును, ఎనిమిది ఫ్లాట్లకు మించిన భవనమును రెరా సంస్థ వద్ద నమోదు చేయింపక ప్రకటింపరాదు, అమ్మరాదు. అట్లు నమోదైన వాటిలో స్థలము గాని ఫ్లాటు గాని అమ్మించువాడు తానును ఏజెంటుగా నమోదు కావలయును. ఒక రైతు తన పొలమును వేరొక రైతునకు అమ్ముకొనుటకు ఈ నియమము వర్తింపదు.

దరఖాస్తు అంతర్జాలము ద్వారా చేయవలయును. పాన్ కార్డు, ఆధార్, ఫొటో, వ్యాపారస్థలపు చిరునామాకు రుజువు, ఆదాయపు పన్ను పత్రములు కావలయును. సంస్థ యైనచో భాగస్వామ్య పత్రము వంటివి జతపరుపవలయును. నమోదు ఐదేండ్లు చెల్లును. లభించిన సంఖ్యను ప్రతి అమ్మకమునందును ఉదహరింపవలయును. లెక్కల పుస్తకములు ఉంచవలయును. కొనువాడు కోరదగిన పత్రములన్నియు అతనికి అందునట్లు చూడవలయును.

ఇక చదువు మాట. 2016 చట్టమున ఏజెంటునకు విద్యార్హత గాని పరీక్ష గాని పేర్కొనబడలేదు. ఈ లోటును గుర్తించి మహారాష్ట్ర రెరా సంస్థ 2023లో ఏజెంట్లకు ఇరువది గంటల శిక్షణను, పరీక్షను తప్పనిసరి చేసినది. మనవారు అనేకులు స్థిరపడిన అమెరికాలో నియమములు మరింత కఠినములు. కాలిఫోర్నియాలో 135 గంటలు, టెక్సాసులో 180 గంటలు చదివి, పరీక్షలో గెలిచినగాని లైసెన్సు రాదు. చట్టము అడుగకున్నను మన యువకులు ఆ పాటి విద్యను స్వయముగా ఆర్జింపవలెనని మా అభిప్రాయము.

పత్రములు చదువుట

ఆ విద్యలో మొదటిది దస్తావేజులు చదువుట. ఋణభార ధ్రువపత్రమును, అనగా ఇ.సి.ని, చూచి తృప్తిపడువారు చాలమంది కలరు. రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే అందు కనబడును. నోటిమాటపై జరిగిన పంపకము, రిజిస్టరు కాని ఒప్పందము అందు కానరావు. న్యాయస్థానమున నడచుచున్న దావా సయితము కానరాకపోవచ్చును. ఆస్తి కాగితములను బ్యాంకులో ఉంచి తెచ్చిన అప్పు కూడ ఒక్కొక్కప్పుడు కానరాదు. అందుచేత అసలు దస్తావేజును, దాని వెనుకటి లింకు దస్తావేజులను కంటితో చూడవలయును. అడంగలు, 1-బి పత్రములతో పేర్లు, విస్తీర్ణములు సరిపోల్చవలయును. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ చేతికిచ్చినంత మాత్రమున హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లో స్పష్టపరచినది.

సర్వే సంఖ్యలలో నొక చిక్కు కలదు. లేఅవుటు పలకపై ఎల్.పి. నంబరని వ్రాయుదురు. అది విశాఖపట్నం మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ గాని, 2018కి పూర్వము వుడా గాని ఇచ్చిన అనుమతి సంఖ్య. 2020లో ఆరంభమైన పునఃసర్వే పూర్తియైన గ్రామములలో భూమికి ఎల్.పి.ఎం. నంబరు ఇచ్చిరి. ఇది భూమి గుర్తే గాని అనుమతి కాదు. పేర్లు దగ్గరగా నుండుటచే ఒకదానిని మరియొకటిగా చూపువారును లేకపోలేదు.

కొన్ని భూములను తాకకుండుటయే మేలు. రిజిస్ట్రేషను చట్టము 22-ఎ సెక్షను క్రింద నిషేధిత జాబితా కలదు; అందులో దేవాదాయ, ప్రభుత్వ భూములు చేరియుండును. సింహాచలము దేవస్థానమునకు, అడివివరము, వేపగుంట మొదలగు ఐదు గ్రామముల నివాసులకు నడుమ భూవివాదము చిరకాలముగా నున్న సంగతి విశాఖవాసులెరిగినదే. పేదలకు ప్రభుత్వమిచ్చిన డి.పట్టా భూముల బదిలీని 1977 నాటి చట్టము నిషేధించినది. తరువాతి సవరణలు కొన్ని సడలింపులు ఇచ్చినను, ఆ సర్వే సంఖ్య నిషేధిత జాబితా నుండి తొలగినదా లేదా అని సబ్-రిజిస్ట్రారు కార్యాలయమున విచారింపక బయానా ఇప్పింపరాదు. అరకు, పాడేరు వంటి ఏజెన్సీ ప్రాంతములలో 1/70 నిబంధన ప్రకారము భూమి గిరిజనేతరులకు బదిలీ కానేరదు. చల్లని కొండలలో చౌకగా స్థలమున్నదని అమ్మజూపువాడు గిరిజనుని భూమికి, కొనువాని సొమ్మునకు కూడ ఎసరు పెట్టుచున్నాడు.

సొమ్ము

నమోదైన లేఅవుటులో అమ్మకపు ఒప్పందము వ్రాసి రిజిస్టరు చేయక ప్రమోటరు వెలలో పదవ వంతుకు మించి తీసికొనరాదు. ఇరువది లక్షల స్థలమునకు ఇది రెండు లక్షలు. అనుమతి రాకమునుపే చౌకగా ఇచ్చెదమని ముందస్తు అమ్మకములకు పిలుచువారికి ఏజెంటు తోడ్పడరాదు. తనకు రావలసిన ప్రతిఫలమును తొలినాడే కాగితముపై వ్రాయించుకొనుట ఇరువురకును క్షేమము. బంధువుల బేరమైనచో ఇది మరింత అవసరము. మొగమాటము చేతనే పెక్కు తగవులు పుట్టుచున్నవి.

నమోదు లేక ఈ పని చేసిన ఏజెంటునకు దినమునకు పదివేల రూపాయల జరిమానా కలదు. అది ఆస్తి వెలలో ఐదు శాతము వరకు పెరుగవచ్చును. పైన చెప్పిన ఇరువది లక్షల స్థలముపై పది దినములలోనే అది లక్ష రూపాయలకు చేరును. మోసపోయిన కొనుగోలుదారు ప్రమోటరుపైననేగాక ఏజెంటుపైనను రెరా సంస్థకు ఫిర్యాదు చేయవచ్చును. ఏజెంటు నమోదైనవాడా కాదా అని కొనువారు ఆ సంస్థ అంతర్జాల పుటలో ముందుగానే చూచుకొనవచ్చును.