తుపాను పడగొట్టిన చెట్లు

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చింది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. గాలి ఆగాక జనం గొడ్డళ్లు, రంపాలు పట్టుకొని తోటల్లోకి వెళ్లారు.

పడిన చెట్టే కదా అని తొందరపడకూడదు. ముందు కరెంటు తీగ ఉందేమో చూడాలి. ఉంటే చెట్టును ముట్టుకోవద్దు. లైన్‌మన్‌కి కబురు చెయ్యాలి. వంగి నొక్కుకుపోయిన కొమ్మను కొడితే ఎగిరి తంతుంది. వేళ్ల గుంటలోకి పిల్లల్ని దిగనివ్వకూడదు. మాను కోయగానే మొదలు ఒక్కోసారి లేచి మళ్లీ గుంటలో పడుతుంది.

జీడి కట్టె పొయ్యిలోకి పోతుంది. ఆడవాళ్లు మోపులు కట్టి, చుట్టకుదురు పెట్టి ఇంటికి మోస్తారు. ఈ మోతకు కూలి ఎవరిస్తారు?

కొబ్బరి మొద్దుతోనే చిక్కు. తోటలో వదిలేస్తే కుళ్లుతుంది. కుళ్లిన మొద్దులో కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది. పెరిగిన పురుగు, తుపానుకు మిగిలిన చెట్ల మొవ్వు తొలిచేస్తుంది. కొత్త మొక్క నాటితే కాపుకు ఏళ్లు పడుతుంది. అందుకే ముందు మొద్దులు తియ్యాలి.