గుమ్మం దగ్గర ఆగి

ఆల్థాన్, సూరత్,
జులై 31.

చిట్టీ,

అక్కకు, అంటే మీ అమ్మమ్మకు, నా వందనాలు చెప్పు. మీ అమ్మకు వేరే చెప్పక్కర్లేదు, నిన్న రాత్రి ఫోన్లో గంటసేపు ఏడ్చింది.

ఇక్కడ మూడు రోజులుగా ఒకటే వాన. ఖాడీ పొంగి ఉంది. ఖాడీ అంటే మన వాగు లాంటిదే, ఆల్థాన్ పక్కగా పోతుంది. రోడ్డు మధ్యన మెట్రో స్తంభాలు, వాటి కింద మోకాలి లోతు నీళ్లు. బయటికి వెళ్లే పని లేదు కాబట్టి చాలా ఏళ్ల తర్వాత కాగితం, కలం తీశాను. తారీఖు వేస్తుంటే గుర్తొచ్చింది, ఇవాళ మన లూథరన్ సంఘం మొదలుపెట్టిన ఫాదర్ హయ్యర్ గారు గుంటూరులో అడుగుపెట్టిన రోజు. 1842 సంగతి. మీ గుంటూరులో ఈపాటికి గుడి గంట కొట్టి ఉంటారు.

మిషనరీగా టాంజానియా వెళ్లే ముందు తాతయ్య సలహా కావాలన్నావు. నవ్వొచ్చింది. నేను సముద్రం దాటలేదు. పాండేసరాలో ఒక డైయింగ్ మిల్లులో లెక్కలు రాసి రిటైరయినవాణ్ణి. నేను దాటిందల్లా గుంటూరు నుంచి సూరత్‌కు. అయినా పరాయి చోట బతకడం గురించి నాలుగు మాటలు చెప్పగలను. మిషనరీ పని గురించి చెప్పేవాళ్లు నీకు చాలామంది దొరుకుతారు.

హయ్యర్ గారి సంగతి సండే స్కూల్లో చెప్పేటప్పుడు వీరగాథలా చెప్తారు. నాకు మాత్రం ఆయన జీవితంలో నచ్చే భాగం వేరు. జర్మనీలో పుట్టి, పద్నాలుగేళ్ల వయసులో అమెరికా చేరిన మనిషి. 1841 అక్టోబర్‌లో బోస్టన్‌లో ఓడెక్కేటప్పటికి నలభై ఎనిమిదేళ్లు, భార్య పోయి రెండేళ్లయింది. గుంటూరు వచ్చాక కలెక్టర్ స్టోక్స్ గారు ఆదరించారు. అంటే మన లూథరన్ సంఘం ఒకరింటి ఆతిథ్యంతో మొదలైంది. మూడు నాలుగేళ్లు పనిచేశాక ఆయన అమెరికా తిరిగివెళ్లి బాల్టిమోర్‌లో వైద్యం చదివారు. యాభై దాటిన పాదిరి, కుర్రాళ్ల పక్కన బల్ల మీద కూర్చుని! ఇక్కడి జనానికి ప్రసంగం ఒక్కటే చాలదని ఆయనకు తెలిసొచ్చి ఉంటుందని నా ఊహ. డాక్టరు పట్టా పుచ్చుకొని మళ్లీ వచ్చి పల్నాడులో గురజాల వైపు వెళ్లారు. ఆ తర్వాత 1869లో, డెబ్భై ఆరేళ్ల వయసులో, రాజమండ్రి మిషన్ చేతులు మారిపోతుందంటే ఇంకోసారి బయల్దేరారు. ఆ మూడో ప్రయాణం గురించి అందరూ చెప్తారు. నేను ఆ రెండో ప్రయాణం దగ్గరే ఆగిపోతాను. తనకు చేతకానిదేదో ఒప్పుకొని, నేర్చుకొని తిరిగి రావడం పెద్ద విషయం.

నువ్వు నర్సువి. నీకు ఆ బాధ లేదు, చదువు చేతిలోనే ఉంది. కుగ్లర్ అమ్మగారికి అది కూడా తిరకాసే అయింది. 1883లో గుంటూరు వచ్చేనాటికే ఆవిడ డాక్టరు. కానీ పంపినవాళ్లు స్త్రీల మధ్య బోధ పని చెయ్యమని పంపారు, వైద్యం కోసం కాదు. మందుల పెట్టె మాత్రం వెంట తెచ్చుకున్నారు. రోగులు వస్తూనే ఉన్నారు, పంపినవాళ్లు తర్వాత ఒప్పుకున్నారు. ఆవిడ వైద్యానికి కృతజ్ఞతగా ఏలూరు రాజా భుజంగరావు గారు ఆవిడ ఆస్పత్రి దగ్గర సత్రం కట్టించారు. మన కుగ్లర్ ఆస్పత్రి గోడల పక్కన పెరిగినదానివి, నీకు ఇదంతా తెలిసిందే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మా చిన్నప్పుడు మిషనరీని మిషనరీ అనేవాళ్లం కాదు. దొరగారు, దొరసానమ్మగారు. వాళ్లు ఎంత మంచివాళ్లయినా, పంకా కింద ఎంత చెమటోడ్చినా, బంగళా ఎత్తు మీద ఉండేది, మా వాడ పల్లంలో ఉండేది. మా నాన్న బంగళా మెట్ల కింద చెప్పులు విప్పి నిలబడటం నాకు గుర్తు. వాళ్లు విప్పమన్నారని కాదు, మాకే అలవాటు. నువ్వు వెళ్లేచోట నీకు బంగళా ఉండదు, ఆస్పత్రి క్వార్టర్స్‌లో ఒక గది ఉంటుంది. కానీ దొరతనం గదిని బట్టి రాదు. మనం వాళ్లకు ఇవ్వడానికి వచ్చాం అనుకున్న క్షణంలో వస్తుంది.

నాకు అది 1994లో వచ్చింది, అందుకే చెప్తున్నాను. సూరత్ వచ్చి ఏడాదయింది. పాండేసరాలో అద్దె గది. ఆదివారం సాయంత్రం నాలుగు తెలుగు కుటుంబాలను పోగేసి ప్రార్థన పెట్టేవాణ్ణి. వాళ్లంతా లింబాయత్ నుంచి బస్సు మారి వచ్చేవాళ్లు, మరమగ్గాల మీద పనిచేసేవాళ్లు. పక్కవాటాలో ఒక గుజరాతీ బెన్, అంటే అక్క. ఆవిడకు మోకాళ్ల నొప్పులు. ‘మీకోసం ప్రార్థన చేస్తాను బెన్’ అని రోజూ గొప్పగా చెప్పేవాణ్ణి. సెప్టెంబర్‌లో ప్లేగు అన్నారు. ఊరు ఊరంతా స్టేషన్‌కు పరుగెత్తింది. టెట్రాసైక్లిన్ బిళ్లలు దుకాణాల్లో దొరకలేదు. నేనూ పరుగెత్తాను. గదికి తాళం వేసి, తాళం చెవి ఆ బెన్ చేతిలో పెట్టి, ప్రార్థనకు వచ్చే ఆ నాలుగు కుటుంబాలకు ఒక మాటైనా చెప్పకుండా, గుంటూరు బండెక్కాను. నెల తర్వాత తిరిగొస్తే గది కడిగి ఉంది, బిందెలో నీళ్లు పట్టి ఉన్నాయి, కరెంటు బిల్లు కట్టి ఉంది. ఆవిడ ఊరు వదిలి వెళ్లలేదు. ‘ఆవో భాయ్’ అని టీ ఇచ్చింది. ఆ టీ తాగుతుంటే గొంతు దిగలేదు. ఆ తర్వాత ఎవరికీ ‘మీకోసం ప్రార్థన చేస్తాను’ అని ముందుగా చెప్పలేదు. చేస్తే చేస్తాను, అంతే.

ఆ తర్వాతే గుజరాతీ నిజంగా నేర్చుకున్నాను. అంతకుముందు హిందీతో గడిపేవాణ్ణి. పోంక్ అంటే మన జొన్న ఊచబియ్యమేనని ఆవిడే చూపించింది. వీళ్లు వెళ్లొస్తామనేటప్పుడు ‘ఆవజో’ అంటారు, రమ్మని. మనమూ ‘వెళ్తాను’ అనం కదా, ‘వెళ్లొస్తాను’ అంటాం. ఇలాంటివి పట్టుకుంటే భాష చుట్టరికంలా దగ్గరికొస్తుంది.

స్వాహిలీ కూడా అంతే అని విన్నాను. మిల్లులో మా సేఠ్ బంధువులు రెండు తరాలు దారెస్సలాంలో ఉండి వచ్చారు, వాళ్ల దగ్గర కొంత, పుస్తకాల్లో కొంత తెలుసుకున్నాను. మన తెలుగు లాగే ఆ భాషలోనూ దాదాపు మాటలన్నీ అచ్చుతోనే ముగుస్తాయి. నీ నోటికి సులువు. దుకాణాన్ని ‘దుకా’ అంటారు, ఇన్సూరెన్స్‌ని ‘బీమా’, లక్షని ‘లాకి’, బండిని ‘గారి’. చపాతీ చపాతీయే. ఇవన్నీ మన వైపు నుంచి ఓడలెక్కి వెళ్లిన మాటలు. గుజరాత్ నీలిమందు గుడ్డను వాళ్లు ‘కనికి’ అనేవాళ్లు, అమెరికా నుంచి వచ్చే కోరా గుడ్డను ‘మెరికాని’ అన్నారు. గుడ్డల ఊళ్లో బతికినవాణ్ణి కదా, ఇది చదివినప్పుడు సంతోషమేసింది.

కానీ ఈ చుట్టరికంలో ఒక ముల్లుంది. భారతీయుణ్ణి వాళ్లు ‘మ్‌హిందీ’ అంటారు. ఆ మాటకు అక్కడ ఎన్నాళ్ల నుంచో అర్థం కౌంటరు వెనక కూర్చున్న షావుకారు. ఒకే వీధిలో ఉండి కూడా ఇంటికి పిలవనివాడు. అందరూ అలా కారు, కానీ పేరు అలా పడింది. నువ్వు ఆస్పత్రిలో దిగిన మొదటి రోజే ఆ పేరు నీ మెడలో పడుతుంది. నువ్వు వెళ్లే మోషి ఊరి బజార్లో గుజరాతీవాళ్లు కనబడితే మాట్లాడు, కష్టానికి వాళ్లే ఆదుకుంటారు, కానీ సెలవు రోజులన్నీ వాళ్ల ఇళ్లల్లోనే గడపకు. ఇంకో మాట. మనం బయటికెళ్లినా కులాన్ని సూట్‌కేసు అడుగున పెట్టుకొని వెళ్తాం. అక్కడ నిన్నెవరూ అడగరు. నువ్వు కూడా వాళ్ల తెగలను కొలవకు.

నీకంటే ముందు మన తెలుగువాళ్లు ఆఫ్రికాకు మిషనరీలుగా వెళ్లారు. మన సంఘం కాదు, బాప్టిస్టులు. 1903లో జాన్ రంగయ్య గారు నెల్లూరు నుంచి కుటుంబంతో నాటాల్ వెళ్లారు. చెరకు తోటల్లో, కియర్స్‌నీ తేయాకు తోటలో కూలికి కుదిరిన తెలుగువాళ్ల కోసం మన తెలుగు సంఘాలే పైసా పైసా పోగేసి పంపాయి. ఆ ఏడాది డిసెంబర్‌లోనే అక్కడ సంఘం కట్టారు. 1915లో ఆ దేశంలోనే కన్నుమూశారు. ఆయనకున్న సుఖం నీకు లేదు. ఆయన వెళ్లింది తెలుగు వినడానికి తహతహలాడే మనుషుల దగ్గరికి. నువ్వు తెలుగు ఒక్క ముక్క రానివాళ్ల దగ్గరికి వెళ్తున్నావు. నువ్వు లేకపోయినా టాంజానియా లూథరన్ సంఘం బాగానే నడుస్తోంది. జర్మనీ లైప్‌సిగ్ మిషన్ వాళ్లు కిలిమంజారో కిందికి వచ్చింది 1893లో. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మన్లు వెళ్లిపోవాల్సొచ్చింది, అక్కడి ఉపదేశకులే సంఘాన్ని నిలబెట్టారు. 1963లో ఏడు సంఘాలు కలిసి ఒకటయ్యాయి. ఇవాళ ప్రపంచంలోని పెద్ద లూథరన్ సంఘాల్లో అదొకటి. వాళ్లకు బోధించిన జర్మనీ ఖాళీ గుళ్లతో కూర్చుంటే, అక్కడ ఆదివారం చోటు దొరకదు. వాళ్లకు నువ్వు నేర్పేదేముంది? నీ సూది మందు చెయ్యి తప్ప.

ఆ సూది మందు గురించే ఒక హెచ్చరిక. స్వాహిలీ గడియారం తెల్లవారినప్పటి నుంచి లెక్క. మన ఉదయం ఏడు వాళ్లకు ‘సా మోజా’, అంటే ఒంటి గంట. ఎనిమిది ‘సా మ్‌బిలి’, రెండు. యేసుప్రభువు కాలంలోనూ లెక్క ఇలాగే ఉండేది, మన పెద్దల జాముల లెక్కా అంతే. వినడానికి ముచ్చటగా ఉంటుంది కానీ, రోగి తల్లికి ‘రెండు గంటలకు బిళ్ల వెయ్యి’ అని చెప్పావనుకో, ఆవిడ రాత్రి ఎనిమిదికి వేస్తుంది. వేళ్లు చూపించి, ఎండ చూపించి, రెండుసార్లు చెప్పించుకో. ఈ ఉత్తరంలో నువ్వు కచ్చితంగా గుర్తుపెట్టుకోవాల్సింది ఇదొక్కటే అనుకున్నా నాకేం బాధ లేదు.

ఇంకా రెండు మాటలు ముందే నోటికి పట్టించుకో. పెద్దవాళ్లు ఎదురైతే ‘షికమో’ అనాలి. మీ పాదాలు పట్టుకుంటున్నాను అని దాని పుట్టుక. వాళ్లు ‘మరహబా’ అంటారు. మన గుడి గుమ్మంలో ‘వందనాలండీ’ అన్నట్టే. నువ్వు తొలిసారి అన్నప్పుడు పక్కవాళ్లు నవ్వుతారు, మానకు. రెండోది ‘హోడి’. ఎవరింటికి వెళ్లినా తలుపు తోసుకుని వెళ్లకూడదు. గుమ్మం దగ్గర ఆగి ‘హోడి’ అనాలి. లోపలి నుంచి ‘కరిబు’ అని వినబడేదాకా అక్కడే ఉండాలి. వినబడకపోతే తిరిగి వచ్చెయ్యాలి. మా అమ్మ పొరుగింటికి వెళ్లినా వీధిలో నిలబడి ‘ఏమ్మా, ఉన్నారా’ అని పిలిచేది. నా పాండేసరా రోజుల్లో నేను మరిచిపోయింది అదే.

సామాన్ల సంగతి. ఎల్లో ఫీవర్ టీకా ప్రభుత్వం ఆమోదించిన కేంద్రాల్లోనే వేస్తారు, ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకో. నైరోబీ మీదుగానో అడిస్ అబాబా మీదుగానో తిరిగొస్తే మన విమానాశ్రయంలో ఆ టీకా పసుపు కార్డు అడగవచ్చు. అక్కడి ప్లగ్గులు ఎక్కువగా బ్రిటిష్ వాళ్లవి, చదరపు పిన్నులు, మన ఛార్జర్ దూరదు. మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు, జూన్, జులైలో చలి. ఆఫ్రికా అంటే ఎండే అనుకొని స్వెట్టర్ వదిలేస్తావేమో. మిషనరీలకు వాళ్లిచ్చే పర్మిట్ ‘సి’ తరగతి, అది చేతికొచ్చేదాకా కాగితాలన్నిటికీ రెండేసి నకళ్లు ఉంచుకో. ఆవకాయ సీసా తీసుకెళ్లు కానీ మూతకు మైనం పట్టించు. నా పెట్టెలో ఒకసారి కారి, మిల్లు వోచర్లన్నీ ఎర్రబడ్డాయి. ఆ ఏడాది ఆడిటరు నా లెక్కలు వాసన చూసి మరీ నమ్మాడు.

మీ అమ్మ ఏడుపు నీ ప్రయాణానికి కాదు, సంబంధం తప్పిపోతుందని. తెనాలి వాళ్లు రెండేళ్లు ఆగరట. ఆగకపోతే పోనీ. ఈ మాట నేను అన్నానని మాత్రం చెప్పకు. అయితే మీ అమ్మ భయంలో నిజం కూడా ఉంది. రెండేళ్ల తర్వాత నువ్వు వచ్చేటప్పటికి ఇక్కడ నీ చోటు కొంచెం ఇరుకవుతుంది. నేను గుంటూరు వెళ్లినప్పుడు సూరత్ తాతయ్యని, ఇక్కడ గుంటూరు అంకుల్‌ని. ముప్ఫై ఏళ్లకు పైగా అలాగే ఉంది. అది తీరేది కాదు, అలవాటు చేసుకునేదే. జీతం పేరుతో వచ్చే అలవెన్సు కూడా చాలదు. ఎప్పుడైనా ఇరుకైతే నన్నడుగు, మీ నాన్నను అడిగితే మళ్లీ తెనాలి మాట వస్తుంది.

వాన కాస్త తెరిపిచ్చింది. కింద పిల్లలు ఖాడీ చూడటానికి పోతున్నారు, వాచ్‌మన్ అరుస్తున్నాడు. ఇది పోస్టులో వెయ్యాలి.

అన్నట్టు, అక్కడి గుళ్లల్లో ఆరాధన అయ్యాక చెట్టు కింద వేలంపాట వేస్తారట. డబ్బు లేనివాళ్లు కానుకగా తెచ్చిన కోడి, అరటి గెల, గుడ్లు. అచ్చం మన కోత పండుగే. మీ అమ్మమ్మ ఒకసారి సొరకాయ మీద పంతానికి పోయి, మా ఇంటి కోడిపెట్ట ఖరీదుకు పాడుకుంది, అడుగు ఆమెనే. నీ మొదటి ఉత్తరంలో ఆస్పత్రి సంగతులు తర్వాత రాద్దువు గాని, కోడి ఎంతకు పోయిందో, నువ్వేం పాడుకున్నావో ముందు రాయి.

మీ తాతయ్య