చెరువు ఈత వేరు, సముద్రం వేరు

ధర్మసాగర్

బిడ్డా,

దోస్తులతోని అండమాన్ పోతున్నవని మీ నాయిన చెప్పిండు. మంచిదే. పోయినంక వండూర్ కాడి మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కు చూడకుండ రాకు. 1983ల పెట్టిన పార్కు అది. 15 దీవులున్నా అన్నిటికి పోనియ్యరు. జాలీబాయ్, రెడ్‌స్కిన్ అని రెండు దీవులు. కొన్ని నెలలు ఒకటి తెరిస్తే ఇంకోటి మూస్తరు. మనం చెలకను బీడు పెట్టినట్టే అనుకో. అటవీశాఖ పర్మిట్ ముందుగాల తీసుకోండ్రి. ప్లాస్టిక్ సీసాలు, కవర్లు దీవి మీదికి తేనియ్యరు, ఆడ లొల్లి పెట్టుకోకు.

మాటకు ఇబ్బంది లేదు. పోర్ట్‌బ్లెయిర్‌ను 2024 నుంచి శ్రీ విజయపురం అంటున్నరు. పేరు ఏదైతేంది, శ్రీకాకుళం, విశాఖ దిక్కు నుంచి పోయి స్థిరపడ్డ తెలుగోళ్లు ఆడ మస్తుమంది.

ఇగ అసలు సంగతి. మన చెరువుల ఈత నేర్చినదానివి, నీళ్లంటే నీకు భయం లేదు. నాకు అదే భయం. చెరువుల అలసిపోతే కాలు కింద ఆనిస్తం. ఆడ ఆనియ్యద్దు. కింద కనవడేది బండ కాదు, పగడం. గింజంత జీవులు లక్షలు కూడి సున్నంతోని కట్టుకున్న ఇల్లు అది. వాటి ఒంట్లనే ఉండే నాచు వాటికి తిండి పెడుతది, రంగిస్తది. నీళ్లు బాగ కాగితే ఆ నాచును ఎల్లగొట్టి తెల్లగ పాలిపోతయి. 2010 ఎండకాలం అండమాన్‌ల గట్లనే అయ్యింది. అసలే అంత దెబ్బ తిన్న దాని మీద మన పాదం గూడ ఎందుకు? లైఫ్ జాకెట్ ఏసుకో, తేలుకుంట చూడు. బోటు అడుగున అద్దం ఉంటది, అండ్లకెళ్లి చూసినా సాలు. మొసలి బోర్డు ఉన్న కాడ మోకాలు లోతు గూడ దిగకు. ఉప్పునీళ్ల మొసళ్లు ఉత్త ముచ్చట కాదు.

ఇంకోటి చెప్పాలె, నవ్వద్దు. నేను పోయినప్పుడు ఒడ్డున తెల్లటి పగడం ముక్క దొరికితే, చచ్చినదే గదా అని సంచిల ఏసుకున్న. ఎయిర్‌పోర్టుల మిషన్‌కు దొరికిపోయింది. 1972 వన్యప్రాణుల చట్టంల పులి ఏ షెడ్యూల్‌ల ఉందో పగడం గూడ అండ్లనే ఉందని మిషన్ కాడున్న పిలగాడు మర్యాదగనే చెప్పిండు. పెన్షన్ తీసుకునే వయసుల, వరుసల అందరు చూస్తుంటే, సంచి ఇప్పి చూపిచ్చిన.

మీ నాయనమ్మ పూజకు శంఖం ఏరుకరమ్మంటది. ఊ అను, తేకు. ఆమెకు నేను చెప్పుకుంట.

మీ తాత